తీరిక వేళ: ఫిల్ము ఎంతసేపు కడగాలి?

హోసూరు నుంచి ఒక సోదరుడు మాకు ఇట్లా వ్రాశారు: "మా తాతగారు ఫోటో స్టూడియో నడిపేవారు. ఆయన వాడిన టేకు కర్ర హాఫ్ ప్లేటు కెమేరాను అటక మీద నుంచి దింపి తుడిచాను. తోలు తిత్తికి చిల్లులు లేవు. నాలుగూ అయిదు అంగుళాల షీటు ఫిల్ము పట్టేటట్లు వెనుక భాగాన్ని వడ్రంగి చేత సరిచేయించుకున్నాను. కాని ఫిల్ము కడిగేటప్పుడు ఎన్ని నిమిషాలు ఉంచాలో తెలియక తికమక పడుతున్నాను. ఫిల్ము కాగితంలో ఒక లెక్క, డెవలపరు పొట్లం మీద ఒక లెక్క, తెలిసినవారు చెప్పినది మరొక లెక్క. ఏది నమ్మాలి?"

ప్రశ్న చిన్నది. జవాబు కూడా చిన్నదే. మూడింటినీ గౌరవించండి, ఏ ఒక్కదానినీ పూర్తిగా నమ్మకండి. అవి అబద్ధాలని మా అభిప్రాయం కాదు. అవి వారి గదిలో, వారి నీళ్ళలో, వారి చేతి వాటానికి సరిపోయిన లెక్కలు. మీ ఇంటి లెక్కను మీ ఇంట్లోనే తేల్చుకోవాలి. అందుకు అయిదు షీట్లు, ఒక ఆదివారం చాలు. ఆ అయిదు షీట్లకు కక్కుర్తిపడి మేము పోగొట్టుకున్నదేమిటో ముందుగా చెబుతాము. ఒకరి తప్పు మరొకరికి పాఠం కావడంలో నష్టం లేదు గదా!

మా మేనత్తకు 88 ఏళ్ళు. మధుర దగ్గర ఒక పల్లెలో ఉంటున్నది. పిల్లలు సెల్‌ఫోనుల్లో ఆమెను ఎన్నోసార్లు తీశారు. ఫోనులు మారినప్పుడల్లా ఆ బొమ్మలు మాయమైనవి. మిగిలినది ఆధారు కార్డు మీది బొమ్మ ఒక్కటే. దానిని చూసి "ఈ ముసలమ్మ ఎవరురా?" అని ఆమే అడిగింది. అటువంటి మనిషికి గోడకు తగిలించదగిన పటం ఒకటి ఉండాలని మాకు పట్టుదల కలిగింది. పెద్ద కెమేరా, ముక్కాలిపీట బస్సులో వేసుకొని వెళ్ళాము.

ఆమె అరుగు మీద కూర్చున్నది. నెరసిన జుట్టు, తెల్లని నూలు చీర, వెనుక సున్నం వేసిన గోడ. ప్రొద్దుటి ఎండ ఒక ప్రక్క నుంచి చీర మీద పడుతున్నది. రెండో ప్రక్క ముఖం నీడలో ఉన్నది. ఆమెది చామనచాయ కంటె ఒక వన్నె ఎక్కువ. ఫోటో తీసేవారికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు. రెండు షీట్లు తీసి చెన్నపట్నం తిరిగి వచ్చాము.

మేము వాడినది ఇల్‌ఫోర్డు వారి హెచ్‌పీ 5 ప్లస్ ఫిల్ము. డెవలపరు ఐడి 11, సమానంగా నీళ్ళు కలిపినది. ఈ జతకు తయారుచేసినవారు చెప్పే లెక్క 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర 13 నిమిషాలు. మంచుగడ్డలు వేసి డెవలపరును సరిగ్గా 20 డిగ్రీలకు దించాము. తలుపు మూసి, చీకట్లో రెండు షీట్లనూ ఒకేసారి ట్రేలో వేసి, చేతితో ఎడతెగకుండా కదుపుతూ 13 నిమిషాలు ఉంచాము. హైపోలో తేలిన తరువాత దీపం వేసి చూస్తే రెండు నెగటివులూ బొగ్గు ముక్కల్లా ఉన్నవి. ధర్మామీటరు చూస్తే డెవలపరు 26 డిగ్రీలకు ఎక్కి కూర్చున్నది!

ప్రింటు వేస్తే జుట్టు, చీర, గోడ మూడూ కలిసి ఒకటే తెల్లని మచ్చ అయినవి. చీరకు మడత లేదు, తలకు వెంట్రుక లేదు. ఒక్క షీటు ముందు కడిగి, రెండోది దాచుకొని ఉంటే సగమైనా దక్కేది. ఆ ఓపిక లేకపోయింది.

ఇప్పుడు, ఇది ఎందుకు ఇట్లా అయినదో చూద్దాము.

ఫిల్ము మీద జిలాటిన్ పూతలో వెండి లవణపు రవ్వలు ఉంటాయి. వెలుగు సోకిన రవ్వలను డెవలపరు నల్లని వెండిగా మారుస్తుంది. దృశ్యంలో నీడగా ఉన్న చోట వెలుగు సోకిన రవ్వలు కొద్ది. అవి మొదటి కొన్ని నిమిషాల్లోనే చాలావరకు మారిపోతాయి. తరువాత ఎంతసేపు నానవేసినా అక్కడ పెరిగేది స్వల్పం. తెల్లని చీర వంటి వెలుగు చోట్ల రవ్వలు అనేకం. అక్కడ ఉంచినకొద్దీ నలుపు పెరుగుతూనే ఉంటుంది. నెగటివులో నలుపు పెరిగితే ప్రింటులో అది వట్టి తెలుపు. అందుచేతనే నీడలను చూసి ఎక్స్‌పోజరు ఇవ్వమనీ, వెలుగులను చూసి కడగమనీ ఫోటోగ్రాఫర్లు పూర్వం నుంచి చెబుతున్నారు. కెమేరాలో ఇవ్వని వెలుగును ట్రేలో ఇవ్వలేము. ట్రేలో మన చేతిలో ఉన్నది తెలుపు ఒక్కటే.

ఇది చేతి వాటం మీద వదలవలసిన రహస్యం కాదని తేల్చినవారు ఫెర్డినాండ్ హర్టర్, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ అనే ఇద్దరు. 1890లో ఇంగ్లండులో వారు ప్లేట్ల మీది నలుపును కొలిచి, పడిన వెలుగుకూ వచ్చిన నలుపుకూ గల సంబంధాన్ని గీత గీసి చూపించారు. కడిగే కాలం పెరిగినకొద్దీ ఆ గీత నిటారుగా లేస్తుంది. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనేవారు ఈ జ్ఞానాన్నే కెమేరా మోసేవాడికి ఉపయోగపడే పద్ధతిగా మలిచారు. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు కట్టి, దృశ్యంలో ఏ భాగం ఏ మెట్టు మీద కూర్చోవాలో ముందే నిశ్చయించుకోవడం ఆ పద్ధతి. దానికి మొదటి మెట్టు, ఎవరి కడిగే కాలాన్ని వారు పరీక్షించి తెలుసుకోవడమే.

మన ఊళ్ళలో ఈ పరీక్ష మరీ అవసరం. డెవలపరుకు వేడి తగిలితే పని వేగమవుతుంది. ఇల్‌ఫోర్డు వారు చెప్పే సూత్రం తేలిక: 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 డిగ్రీల దగ్గర 3 నిమిషాల్లో అవుతుంది, 16 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు పడుతుంది. అంటే మూడు డిగ్రీలు ఎక్కితే కాలంలో నాలుగో వంతు తగ్గించాలి. ఆరు డిగ్రీలు ఎక్కితే దాదాపు సగం. ట్రే వెడల్పు, డెవలపరు లోతు తక్కువ, అందులో వెచ్చని చెయ్యి. చెన్నపట్నపు గదిలో 20 డిగ్రీలు ఎన్ని నిమిషాలు నిలుస్తాయి? పైగా ట్రేలో ఎడతెగకుండా కదిపితే, టాంకులో నిమిషానికొకసారి కదిపినదానికంటె పని త్వరగా సాగుతుంది. మేము ఈ రెంటినీ మరచి, 13 అనే అంకెను మాత్రం జ్ఞాపకం పెట్టుకున్నాము.

అందుచేత మొదట నిశ్చయించుకోవలసినది నిమిషాలు కాదు, డిగ్రీలు. మీ ఇంట్లో అరగంటసేపు కదలకుండా నిలిచే వేడిమి ఏదో చూసుకోండి. మేము 24 డిగ్రీలు ఎంచుకున్నాము. పెద్ద బేసినులో 24 డిగ్రీల నీళ్ళు పోసి, అందులో ట్రేను కూర్చోబెడితే అది నిలకడగా ఉంటుంది. డెవలపరుతో పాటు తరువాతి నీళ్ళు, హైపో కూడా అదే వేడిమిలో ఉండాలి. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంటే జిలాటిన్ పూత ముడతలు పడుతుంది. జ్వరం చూసే ధర్మామీటరు ఇందుకు పనికిరాదు. అది 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఫోటో పనికి వేరే కొనండి, ఎప్పుడూ అదొక్కటే వాడండి. అది అర డిగ్రీ తప్పు చూపినా, ఎల్లప్పుడూ అదే తప్పు చూపుతుంది గనుక నష్టం లేదు.

ఇక పరీక్ష. వెలుతురు నిలకడగా ఉన్న ఒక ప్రొద్దున, అరుగు మీద మూడు వస్తువులు ప్రక్కప్రక్కన పెట్టండి: ఒక నల్ల కంబళి, ఒక మట్టికుండ, ఉతికిన తెల్లని తువ్వాలు ఒకటి. నల్ల కంబళి నేత ఫిల్ము మీదికి ఎక్కేటట్లు లైటు మీటరుతో చూసి ఎక్స్‌పోజరు నిర్ణయించుకోండి. అయిదు షీట్లనూ అదే ఎక్స్‌పోజరుతో, పది నిమిషాల లోపల తీసివేయండి. మబ్బు అడ్డం వస్తే ఆగండి.

చీకటి గదిలో ఏది ఏదో గుర్తుపట్టడానికి, షీటు అంచున కత్తెరతో గాట్లు పెట్టండి: మొదటి దానికి ఒకటి, రెండో దానికి రెండు, ఈ విధంగా అయిదు దాకా. ఫిల్ము తయారుచేసినవారు మూలన పెట్టిన గాట్లు వేరు. షీటును నిలువుగా పట్టుకొన్నప్పుడు అవి పైన కుడి మూలకు వస్తే, పూత మీ వైపు ఉన్నట్లు. చేతివేళ్ళతో తడిమి చూసుకోవచ్చును. ఈ ఫిల్ముకు ఎర్రదీపం కూడా పనికిరాదు. పూర్తి చీకటి కావాలి.

సూత్రం ప్రకారం లెక్కవేస్తే 20 డిగ్రీల 13 నిమిషాలు, 24 డిగ్రీల దగ్గర సుమారు 9 నిమిషాలు అవుతుంది. దానికి ఇటూ అటూ మేము 5½, 6½, 7½, 9, 11 నిమిషాలు తీసుకున్నాము. ఒక్కొక్క షీటుకు విడిగా క్రొత్త డెవలపరు, అదే కొలత. ముందు ఒక నిమిషం వట్టి నీళ్ళలో నానవేసి, తరువాత డెవలపరులో దించి, ట్రే ఒక్కొక్క అంచునూ వరుసగా ఎత్తి దించుతూ కదిపాము. తలుపు అవతల మా ఇంట్లో వారు గడియారం ముందు కూర్చొని "అయిదు, అయిదున్నర" అని కేక వేస్తూ వచ్చారు. "నా అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాను. మీ వంటలో మెతుకు పట్టే వీలు కూడా లేదే!" అని ఆమె ఎద్దేవా. నిజానికి వెనుకటివారు కొందరు ముదురాకుపచ్చ దీపం క్షణకాలం వెలిగించి మెతుకు పట్టి చూసేవారు. ఎడ్వర్డ్ వెస్టన్ వంటి చెయ్యి తిరిగినవారికి అది సాధ్యం. మనకు గడియారమే దిక్కు.

షీట్లు ఆరిన తరువాత అయిదింటినీ రెండో గ్రేడు కాగితం మీద కాంటాక్టు ప్రింట్లు వేయాలి. ఇక్కడ ఒక నియమం ఉన్నది. ఫిల్ముకు చిత్రం పడని అంచు ఉంటుంది గదా, ఆ అంచు క్రింద కాగితం పూర్తి నలుపు కావడానికి కనీసం ఎన్ని క్షణాలు పడుతుందో ముందు చూసుకోండి. అయిదింటికీ అదే కాలం ఇవ్వండి. మంచి ప్రింటు రావాలని ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ ఇచ్చారో, పరీక్ష అంతా వృథా.

అయిదు ప్రింట్లూ వరుసగా పెట్టి చూసినప్పుడు, ఇన్నేళ్ళుగా పుస్తకాలలో చదివిన మాట మా కళ్ళకు కట్టింది. నల్ల కంబళి అయిదింటిలోనూ ఇంచుమించు ఒకటే. మట్టికుండ కొద్దికొద్దిగా తేలికబడింది. తువ్వాలు మాత్రం ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరు. 5½ నిమిషాలలో అది మాసిన గుడ్డలా బూడిదరంగులో ఉన్నది. 6½లో ఉతికినట్లున్నది గాని చాకలికి ఇవ్వలేదు. 7½లో తెల్లగా ఉండి, నేత పోగులు లెక్కపెట్టవచ్చును. 9లో పోగులు అక్కడక్కడ మాయమైనవి. 11లో అది తువ్వాలా, కాగితమా తెలియదు. మా ఇంటికి మా కాలం ఏడున్నర నిమిషాలు. లెక్క ప్రకారం వచ్చిన 9 కాదు. ఎడతెగని మా కదలికే ఆ తేడాకు ముఖ్యకారణమని మా ఊహ.

ఒకవేళ కంబళి అయిదింటిలోనూ వట్టి నలుపుగా, నేత లేకుండా ఉంటే అది కడిగే దోషం కాదు. ఎక్స్‌పోజరు చాలలేదు. 400 స్పీడు అని వ్రాసి ఉన్న ఫిల్మును 200గా భావించి మళ్ళీ తీయండి. కాలం పెంచి నీడలను బాగుచేద్దామని మాత్రం అనుకోకండి. నీడలు బాగుపడవు, వెలుగులు చెడతాయి.

ఈ కాలం మామూలు వెలుతురుకు. ఎండా నీడా విపరీతంగా ఉన్న దృశ్యానికి ఎక్స్‌పోజరు కొంచెం పెంచి, కాలం తగ్గించాలి. మబ్బు పట్టి చప్పగా ఉన్న రోజున కాలం పెంచాలి. మా పుస్తకంలో ఇప్పుడు మూడు అంకెలున్నవి: 6, 7½, 9. షీటు ఫిల్ములో ఉన్న సుఖం ఇదే. చుట్ట ఫిల్ములో ముప్ఫైఆరు బొమ్మలకూ ఒకటే కాలం. షీటుకు దేని భోజనం దానిదే. అయితే 5 నిమిషాలకు తక్కువ ఎన్నడూ పెట్టుకోకండి. డెవలపరు అంతటా సమంగా పట్టక మరకలు పడతాయి. వేసవిలో 29, 30 డిగ్రీల క్రిందికి దించలేకపోతే, డెవలపరును ఇంకా పలచన చేయండి. ఇదే ఐడి 11ను ఒకటికి మూడు పాళ్ళు నీళ్ళు కలిపితే, 20 డిగ్రీల దగ్గర చెప్పిన కాలం 20 నిమిషాలు. వేడికి తగ్గించినా సుమారు ఎనిమిది నిమిషాలు మిగులుతుంది. దానికీ వేరే పరీక్ష చేయవలసినదే.

ఖర్చు మాట కూడా చెప్పాలి. నీలగిరులలో ఉదకమండలం దగ్గర 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి "ఇందు" సరుకు మన పెద్దలకు బాగా తెలుసు. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు షీటు ఫిల్ము విదేశాల నుంచి రావలసినదే. అందుచేత చాలమంది చెయ్యి అలవాటు కావడానికి ఆసుపత్రుల ఎక్స్‌రే ఫిల్మును కోసి వాడుతున్నారు. ఎర్రదీపం క్రింద కడగవచ్చును గనుక బొమ్మ ఎట్లా లేచి వస్తుందో పిల్లలకు చూపించవచ్చును. అది సాధారణంగా రెండు వైపులా పూత ఉన్న ఫిల్ము, సులువుగా గీతలు పడుతుంది. ఎరుపు దానికి కనబడదు గనుక కుంకుమబొట్టు నల్లబొట్టు అవుతుంది. మన ముత్తవ్వల పాత ఫోటోలలో ఎర్ర పట్టుచీరలు నల్లగా ఉండడానికి కారణం కూడా ఇదే. ఆనాటి ప్లేట్లలో చాలావాటికి ఎరుపు తెలియదు. ఎక్స్‌రే ఫిల్ము మీద చెయ్యి దిద్దుకోండి గాని, దాని కాలాన్ని మరొక ఫిల్ముకు అంటగట్టకండి. ఫిల్ము మారినా, డెవలపరు మారినా పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంట్లో స్త్రీలకూ పిల్లలకూ సంబంధించిన జాగ్రత్త ఒకటి. డెవలపరులోని మెటాల్ కొందరి చేతులకు దద్దుర్లు తెస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి. ఫోటో పనికి వాడిన గిన్నె, గరిటె మళ్ళీ వంటింటి గడప దాటకూడదు.

మా మేనత్త సంగతి చెప్పి ముగిస్తాము. రెండు నెలల తరువాత మళ్ళీ వెళ్ళాము. "మొన్న తీసినదానిలో నేను పడలేదా?" అని అడిగింది. "నువ్వు పడ్డావత్తా, నీ చీర పడలేదు" అన్నాము. అదే అరుగు, అదే ఎండ, అదే తెల్లచీర. ఈసారి ఫిల్మును 200గా లెక్కించి రెండు షీట్లు తీశాము. ఇంటికి వచ్చి 24 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు ఒక్క షీటు మాత్రమే కడిగాము. అది సరిగా వచ్చిన తరువాతనే రెండోది.

ప్రింటు పట్టుకెళ్ళి చేతికిస్తే, కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలసేపు చూసింది. ముఖం గురించి ఒక్క మాట అనలేదు. చీర అంచు దగ్గర వేలు పెట్టి, "ఈ కుట్టు చూడరా, మేకు పట్టుకొని చిరిగితే నేనే వేసుకున్నాను. కంటి ఆపరేషనుకు ముందు వేసిన కుట్టు. వంకరగా పోయింది" అన్నది. మొదటి నెగటివులో ఆ కుట్టు కూడా ఎక్కే ఉంటుంది. మేమే దానిని నల్లగా పూడ్చిపెట్టాము.

హోసూరు సోదరునికి మా విన్నపం ఒక్కటే. తాతగారి కెమేరాతో ఇంటి పెద్దలను తీయబోయే ముందు కంబళినీ, కుండనూ, తువ్వాలునూ తీయండి. అవి ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా కూర్చుంటాయి. మీ అంకె తేలినప్పుడు మాకొక కార్డు ముక్క వ్రాయండి. మీ ఊరి చల్లదనానికి ఏ కాలం కుదిరిందో ఈ పుటలో తోటి పాఠకులకు తెలియజేస్తాము.